బుచ్చయ్య చూడని చెంప

ఏంటమ్మా యోగితా, థిన్నర్ ముంచిన ఆ ఇయర్ బడ్‌తో గంట నుంచీ రుద్దుతున్నావు, ఇంకా గడ్డం కూడా బయటపడలేదా? తొందరేం లేదులే. నలభై ఐదేళ్ళు ఆగినవాణ్ణి, కాఫీ వేళ దాకా ఆగలేనా. నీ బొటనవేలంత లేదు ఆ కర్రబొమ్మ, దాని మొహం సెనగగింజంత. ఆ గింజలోనే ఉంది మరి మా అమ్మ. ఫొటోలా? ఒక్కటీ లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నాగేంద్రమ్మగారి నమ్మకం. పాపం, అంత జాగ్రత్తగా దాచుకున్న ఆయుష్షు యాభై రెండుకే అయిపోయింది. ఆవిడ ముక్కుపుడక ఎలా ఉండేదో చెప్తాను, కేకేస్తే ఎంత దూరం వినపడేదో చెప్తాను. మొహం మాత్రం ఎంత గింజుకున్నా రావట్లేదు. అందుకే మనవరాలివని కూడా చూడకుండా నీకీ చాకిరీ పెట్టాను. ఆ పైరంగు కింద బుచ్చయ్య వేసిన మొహం మిగిలుంటే చూపించు. లేకపోతే లేదు, ఏం చేస్తాం.

బుచ్చయ్యంటే మన రెడ్డిగూడెం మామిడితోటలో పనిచేసేవాడు. కాయ బరువుకి వంగిన కొమ్మలకి కర్రలు ఆనించడం, కోతలప్పుడు గంపలు మోయడం, అదీ వాడి ఉద్యోగం. నీ ఫోన్‌లో ఎవరో దొరగారు చిట్టి సోల్జర్లకి రంగులేస్తూ షేడింగ్ అనీ హైలైట్ అనీ అరగంట ఉపన్యాసం ఇస్తున్నాడే, ఆ విద్య వీడికి ఫోన్ లేకుండానే వచ్చేసింది, ఎంత అన్యాయమో చూడు. జి. కొండూరు అవతల నుంచి తేలికపాటి పొణికి కర్ర తెచ్చుకుని బొమ్మలు చెక్కేవాడు. మేకవెంట్రుకలతో కుంచె వాడే కట్టుకునేవాడు. ముందు ఒంటిరంగు వేసి ఆరనిచ్చి, ఆ మీద ముదురు రంగు బాగా పల్చన చేసి వదిలేవాడు. అది చీర కుచ్చిళ్ళలోకీ, గడ్డం కిందకీ దానంతట అదే దిగేది. ఆఖర్న లేతరంగు ముంచిన కుంచెని గుడ్డకి తుడిచి, తుడిచి, ఇంకేం మిగల్లేదు అని మనకనిపించాక ముక్కు మీదా బుగ్గ మీదా ఊరికే అలా ఆనించేవాడు. అంతే, బొమ్మ ఊపిరి పీల్చేది. ఎక్కడ నేర్చావురా అంటే కాయని చూసండీ అన్నాడు. ఎండ తగిలిన భుజం ఒక రంగట, ఆకు చాటున కడుపు ఒక రంగట. ఏంటి, వాడూ వీడూ అనకూడదా? అవును, నాకంటే పదేళ్ళు పెద్దే. అప్పట్లో మాకవన్నీ ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పినా వినేవాళ్ళం కాదులే.

అమ్మ పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టుకున్నాం. చుట్టాలందరికీ చూపిద్దామని ఆవిడ బొమ్మ చెయ్యమన్నాను. వంగి పళ్ళెం అందిస్తున్నట్టు చేసి తెచ్చాడు. ఒక బుగ్గ తళతళలాడుతోంది, రెండోది పూర్తిగా నీడ. మా రాజ్యలక్ష్మి అత్త ముసునూరు నుంచి వచ్చింది, మా నాన్న చెల్లెలు. వంక పెట్టందే విస్తరి ముందు కూర్చోదు ఆవిడ. బొమ్మని అటు తిప్పీ ఇటు తిప్పీ, "ఏరా పున్నారావూ, మా వదిన మొహానికి మసి పూయించావేంట్రా" అంది. పాతికమంది నవ్వారు. మనం తోటల ఆసామీలం కదా, మనకి రోషం కాయ కంటే ముందు పండుతుంది. బుచ్చయ్యని పెరట్లోకి పిలిపించి నిలబెట్టి అడిగాను. తల వంచుకుని నెమ్మదిగా చెప్పాడు.

"బాబుగారూ, అమ్మగారు నాకు ఈ పెరటి గుమ్మంలోంచే అన్నం పెట్టేవారండి. వెలుతురు ఇటు బుగ్గ మీదే పడేదండి. అటు బుగ్గ నేనెప్పుడూ చూళ్ళేదు. చూడని చెంపకి రంగెలా వెయ్యనండి?"

పాతికేళ్ళు మా ఇంటి అన్నం తిన్న మనిషి ఆ గుమ్మం దాటి లోపలికి రాలేదు. రానివ్వలేదు అను. అది తట్టాలా వద్దా నాకు? తట్టలేదు. ఎదురు చెప్తున్నాడనిపించింది. ఆ మర్నాడే ఎవడో తెలివైన మహానుభావుడు ఆ బొమ్మని నూజివీడు పట్టుకెళ్ళి బోర్డులు రాసే విక్టర్ చేతిలో పెట్టాడు. మహానుభావుడెవరని అడక్కు, నీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ విక్టర్ ఏదో గేటుకి వెయ్యగా మిగిలిన ఎనామిల్ తీసి నిండా పూసి, "అమ్మగారు ఎంత నిగనిగలాడుతున్నారో చూడండి సార్" అన్నాడు. నిగనిగలాడక. ఇప్పుడు మనం కాయలకి కవర్లు కడుతున్నాం చూడు, విప్పితే చెట్టంతా ఒకటే పసుపు, ఏది ఎటు పెరిగిందో దేవుడికి కూడా తెలీదు. అలా తయారైంది మా అమ్మ. అత్త మాత్రం భేష్ అంది. బుచ్చయ్య ఒకసారి చూసి తోటలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు మన తోటలోనే చేశాడు, మళ్ళీ మనింటికి బొమ్మన్నది తేలేదు. జ్వరంతో పోయాడు. పోయేలోగా ఒక్క మంచి మాట అనుండాల్సింది నేను. కొమ్మకి కర్ర సరిగ్గా పెట్టలేదనే అన్నాను చివరిసారి. మళ్ళీ చూడు, రెండు బుగ్గలూ చూస్తూ పెరిగిన కొడుకుని, నాకు ఒక్కటీ గుర్తులేదు.

జాగ్రత్త తల్లీ, ఆ మంచినీళ్ళ గ్లాసు ఇంకాస్త అటు పెట్టు. వాడివన్నీ నీళ్ళలో కలిపిన రంగులే, థిన్నర్‌కి చెక్కుచెదరవు గానీ నీటిచుక్క పడితే కారిపోతాయని నువ్వేగా అన్నావు. ఏంటి, వచ్చిందా? ఏదీ, కళ్ళజోడు అందుకో. గడ్డం కింద నీడ కదూ అది. అవును, ఆయన వేసిందే, అంత సన్నగా దిగేది ఆయన రంగే. పైకి రా, మెల్లగా. అదిగో బుగ్గ. పెరటివైపు బుగ్గ. ఆ పెదవి చివర చూడు, నవ్వొస్తే అక్కడే ఆపేసుకునేది, బయటికి రానిచ్చేది కాదు. అమ్మ అలా నవ్వేదని నేను ఎప్పుడు మర్చిపోయానో కూడా తెలీదే.

ఏంటి, వెనక్కి జరగాలా? నేనేం ముట్టుకోలేదుగా. ఓ. కళ్ళలోవి బొమ్మ మీద పడతాయా. సరే సరే, జరిగాను, నువ్వు కానివ్వు. తోటలోకి కవర్లు కట్టేవాళ్ళు వచ్చుంటారు. ఆ పెరటివైపు రెండు చెట్లూ వదిలెయ్యమని చెప్పొస్తాను.