వీజే లుటాయ రాయించిన పదకొండో షరతు

కాగితం బల్ల మీదే ఉంది. గాలికి ఎగిరిపోకుండా నజ్జెంబ దాని మీద టీ గ్లాసు పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి కంపాలా నుంచి సినిమా కంపెనీ మనిషి వస్తాడు, సంతకం చేసిన కాగితం పట్టుకుపోతాడు. సంతకం పడితే మసాకా ఊరి న్యెండో వీధిలో ఆమె నడుపుతున్న వీడియో హాలు పదేళ్ళ పాటు కంపెనీది. ఆ వీధిలోనే ఇంకో మూడు హాళ్ళున్నాయి. వాటి యజమానులు నజ్జెంబ ఏం చేస్తే అదే చేస్తామని చెప్పేసి ఇళ్ళలో కూర్చున్నారు.

సంతకం పెట్టమంటున్నవాడు పరాయివాడు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె హాల్లోనే మైకు పట్టుకుని, తెర మీద పరదేశం వాళ్ళు ఇంగ్లీషులో ఏం మాట్లాడినా జనానికి లుగాండాలో చెప్పే వీజే లుటాయ. హాలు బయట కటేరెగ్గా నడిపే చపాతీల బండి ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నెత్తిన కంపెనీ టోపీ. దాని ధర చీటీ ఇంకా వెనక వేలాడుతోంది.

“చూడక్కా, నేను గొప్పలు చెప్పుకోను, జరిగింది చెబుతా. కంపాలాలో ఆ పెద్ద మాల్ పై అంతస్తులో కంపెనీ హాలు తెరిచారు. మనిషికో కుర్చీ, కుర్చీకి రెండు చేతులు, చేతిలో గ్లాసు దించుకోడానికి గుంట. అన్నీ ఉన్నాయి, మనుషులు లేరు. నేను వెళ్ళేసరికి...”

“నువ్వెందుకెళ్ళావన్నా అక్కడికి?” మోటారుసైకిలు స్టాండు వేసి దాని మీదే పడుకున్న సెంతోంగో అడిగాడు. ఆ బోడా బండి మీద జనాన్ని అద్దెకి తిప్పడం అతని పని, గిరాకీ లేనప్పుడు లుటాయని కదపడం రెండో పని.

“ఒంటికి వెళ్ళాను, అబద్ధమెందుకు? మాల్లో అయితే శుభ్రంగా ఉంటుంది. వస్తూంటే టై కట్టుకున్న మేనేజరు గుమ్మంలో లావుపాటి పుస్తకం ముందేసుకుని తల పట్టుకున్నాడు. ఆ పుస్తకంలో ఏముందో తెలుసా? ఈ దేశంలో జనానికి సినిమా చూసే అలవాటు లేదు, అలవాటు చెయ్యాలి అని ఉంది! రాసినవాడెవడో విమానం కిటికీలోంచి చూసి రాసుంటాడు. మన హాల్లో నూట ఇరవై మంది మోకాలికి మోకాలు ఆనించుకుని, కిటికీ లేని రేకుల షెడ్డులో, చెమటలు కక్కుతూ రోజుకి నాలుగాటలు చూస్తుంటే, అది అలవాటు కాదట! కుర్చీకి గుంట ఉంటేనే అలవాటట!”

“పుస్తకం నువ్వు చదివావా?”

“మేనేజరు మొహం చదివాను. మధ్యలో అడ్డు రాకు. నేనన్నాను, ‘దొరా, ముందు ఆ తియ్యటి పేలాల డబ్బా తీసెయ్. ఉడికించిన కసావా దుంప పెట్టు, పక్కన మిరపకాయ పెట్టు’ అన్నాను. రాసుకున్నాడక్కా! కలం లేకపోతే నాదే ఇచ్చాను.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు కటేరెగ్గా, గుడ్డు పగలగొట్టి చపాతీ మీద పోస్తూ. “కలం తిరిగిచ్చాడా?”

“కలం సంగతి వదిలెయ్. మర్నాడు ఆట వేశారు. హాల్లో నలుగురు. వాళ్ళలో ఇద్దరు చల్లగా ఉందని నిద్రపోడానికొచ్చారు. నేను మైకడిగాను. మేనేజరు ‘ఇక్కడ మాట్లాడకూడదండీ’ అన్నాడు. ‘మాట్లాడకపోతే ఇది సినిమా ఎందుకవుతుంది, శవజాగారం అవుతుంది’ అన్నాను. మైకందుకుని ఒక్క దగ్గు దగ్గాను. ఆ దగ్గు గోడలు దాటి, వీధి దాటి, టాక్సీ స్టాండు దాకా వెళ్ళింది. స్టాండు మొత్తం లేచొచ్చేసింది. డ్రైవర్లు లేకుండా పద్నాలుగు వ్యాన్లు వాటంతటవే ఎంటెబె వెళ్ళి, ప్రయాణికుల్ని దించి, తిరిగొచ్చాయి.”

“చార్జీ ఎవరు తీసుకున్నారు?” అన్నాడు సెంతోంగో.

“అలవాటున్న వ్యాన్లు, తీసుకునే ఉంటాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హీరో గుండెల్లో తూటా దిగింది. నేను హీరో ఎవడైనా కటోండే అనే పిలుస్తానుగా? కటోండే పడిపోయాడు. సంగీతం కూడా ఏడుస్తోంది. వెనక నుంచి ఆడవాళ్ళు లేచి, ‘లుటాయా, టికెట్టు కొని చావు చూడ్డానికొచ్చామా? చావులు మా వీధిలో లేవా?’ అని నిలదీశారు. న్యాయమే కదా! ప్రేక్షకులు అడిగాక కాదనడానికి మనమెవరం? ‘లేరా కటోండే, మీ అమ్మ మటోకే అరటికాయలు ఉడికించి అరిటాకు కప్పి పెట్టింది, చల్లారిపోతోంది’ అన్నాను. కన్ను తెరిచాడు. తూటా ఉమ్మేశాడు.”

“గుండెల్లో దిగింది నోట్లోంచి ఎలా వచ్చిందన్నా?”

“హీరో కదరా! నీకు దిగితే రాదులే. ఆ రోజు నుంచి ప్రపంచంలో ఉన్న కాపీలన్నిట్లోనూ వాడు బతికే ఉన్నాడు. ఆ సినిమా తీసినాయన నాకు ఫోను చేసి, ‘అయ్యా, రెండో భాగానికి దారి దొరక్క తిండి మానేశాను, మీరు నా పిల్లల నోట్లో ముద్ద పెట్టారు’ అని ఒకటే ఏడుపు.”

నజ్జెంబ నవ్వలేదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగి, మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టింది. కాగితం మీద గుండ్రటి తడి మరక పడింది.

“సరే. అంత గొప్ప కంపెనీకి నా రేకుల షెడ్డెందుకు?”

“అక్కడికే వస్తున్నానక్కా! మేనేజరు నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. టికెట్టు తగ్గిస్తే నష్టం, పెంచితే ఖాళీ, నువ్వే దారి చూపాలన్నాడు. ‘అసలు టికెట్టే వద్దు. నవంబరులో మసాకా కొండ మీదకి తెర పట్టుకురా’ అన్నాను.”

మసాకాలో నవంబరు అంటే పసిపిల్లకైనా తెలుసు. వానలు పడ్డాక మిడతల దండు దిగుతుంది. కొండల మీద పెద్ద దీపాలు పెట్టి, చుట్టూ రేకులు నిలబెడితే, వెలుగుకి వచ్చిన మిడతలు రేకుకి కొట్టుకుని జారి డ్రమ్ముల్లో పడతాయి. కటేరెగ్గా పెనం మీద చపాతీ కాలుతున్న సంగతి మరిచిపోయి వింటున్నాడు.

“సినిమా మిషను వెలుగు చాలదా మిడతకి? సినిమా ఉచితం, వేయించిన మిడతల పొట్లం అమ్మకం. ఇది వాళ్ళ పుస్తకంలో ఏ పేజీలోనైనా ఉందా? వెలుగు వెయ్యగానే ఆకాశం ఆకాశమంతా దిగింది. తెర కనపడలేదు. మేనేజరు గుండె పట్టుకున్నాడు. నేను మైకులో మిడతలకి సర్దుకోమని చెప్పాను. సర్దుకున్నాయి! ఆకుపచ్చవి చెట్లయ్యాయి, మట్టిరంగువి గుర్రాలయ్యాయి, పిల్లది వెళ్ళి హీరోయిన్ బుగ్గ మీద మచ్చయింది. ఇంతలో కరెంటు పోయింది. మన కరెంటు సంగతి తెలుసుగా? కానీ బొమ్మ ఆగలేదు! మిడతలకి కథ అర్థమైపోయిందక్కా. నలభై నిమిషాలు వాటంతటవే ఆడాయి. చివర్లో జనం కోపం పట్టలేక, విలన్‌గా వేసిన మిడతల్ని మాత్రం వేయించుకు తినేశారు.”

“ఉప్పు వేశారా?” అంది నజ్జెంబ.

“ఉల్లిపాయ కూడా వేశామక్కా.”

“మాడిపోయింది!” కటేరెగ్గా పెనం మీది చపాతీ గబుక్కున తిప్పి, నల్లబడినదాన్ని సెంతోంగో చేతిలో పెట్టాడు. “నువ్వు తిను. నీకు రుచితో పని లేదు, కథ ఉంటే చాలు.”

“అది విని కంపెనీ పెద్దాయనే దిగాడు,” లుటాయ గొంతు పెంచాడు. “బుకాకాటా రేవులో నాలుగు వందల తెరచాపలు కలిపి కుట్టించి, నలుబాలె సరస్సు నడిమధ్యన తెర కట్టాను. ఇటు మనం, అటు కెన్యా, దిగువన టాంజానియా. మూడు దేశాలు, ఒకే ఆట, ఒకే గొంతు! పడవకి ఒక చేప టికెట్టు. వెనక వైపు కూర్చున్న దేశానికి హీరో ఎడమచేత్తో కొడుతున్నట్టు కనిపించాడు. ఒక్క ఫిర్యాదు లేదు. మొసళ్ళు బారులు తీరాయి. ఒకటి మాత్రం టికెట్టు లేకుండా తుంగ చాటు నుంచి దూరబోయింది. నోట్లో చేప పెట్టుకునే లేదంటుంది! తోక పట్టుకున్నాను. కన్నీళ్ళు పెట్టుకుంది. నిజం కన్నీళ్ళేనక్కా, నేను తుడిచి చూశాను.”

సెంతోంగో బండి మీది నుంచి జారి కింద కూర్చుని మరీ నవ్వుతున్నాడు.

“పెద్దాయన ఖండం పటం నా ముందు పరిచి, ‘ఎక్కడ కావాలో చెయ్యి పెట్టు, అదంతా నీదే’ అన్నాడు. నేను పటం మడిచి ఆయన జేబులోనే పెట్టాను. ‘నాకు నజ్జెంబక్క హాలు చాలు. కళ ప్రజలది! వీజే ఉండాలి, మైకు ఉండాలి, రాయి కాగితంలో’ అని బల్ల గుద్దాను. బల్ల రెండు ముక్కలైంది. ఒక ముక్క మీద పెట్టుకుని వణుక్కుంటూ రాశాడు. అదే నీ కాగితంలో పదకొండో షరతు! ఈ టోపీ ఆయన చేత్తో పెట్టి, ‘నువ్వు మా భాగస్వామివి’ అన్నాడు. కొత్త తెర వస్తుంది, కొత్త బెంచీలొస్తాయి. నువ్వు పెడితే ఆ ముగ్గురూ పెడతారు. నన్ను చూసి పెట్టక్కా.”

నజ్జెంబ గ్లాసు తీసి పక్కన పెట్టింది. కాగితం అతని వైపు జరిపింది.

“చదువు.”

“ఇప్పుడా? కళ్ళజోడు ఇంట్లో...”

“నీకు కళ్ళజోడు ఎప్పుడుంది?”

లుటాయ కాగితం చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. “పదకొండు. కంపెనీ వారు, నజ్జెంబక్క కాళ్ళకి మొక్కి...”

“తలకిందులుగా పట్టుకున్నావు,” అంది నజ్జెంబ.

సెంతోంగో నవ్వు ఆగిపోయింది.

“లుటాయా, తెర మీద వాళ్ళు అన్నదానికీ నువ్వు చెప్పినదానికీ సంబంధం లేదని నాకు మొదటి వారమే తెలుసు. నాకు ఇంగ్లీషు వచ్చు, బడి మానేసేముందు ఏడేళ్ళు చదివాను. ఒకమ్మాయి ‘మా నాన్న చనిపోయాడు’ అంటే నువ్వు ‘మేక తప్పిపోయింది’ అన్నావు. జనం మేక కోసం ఏడ్చారు. ఏడ్చారుగా, అది చాలనుకున్నాను. కాని సినిమాకి బొమ్మ ఉంటుంది, చూసి ఏదో ఒకటి అల్లేస్తావు. దీనికి బొమ్మ లేదు.”

కాగితం తిప్పి, వేలు పెట్టి, అందులోని ఇంగ్లీషుని నింపాదిగా లుగాండాలో చెప్పింది: “ఆట జరుగుతున్నంతసేపు హాల్లో ఎవరూ, మైకులో గానీ మైకు లేకుండా గానీ, మాట్లాడకూడదు. అర్థం చెప్పేవాళ్ళని లోపలికి రానివ్వకూడదు. రానిస్తే హాలు ఖాళీ చెయ్యాలి. ఇదీ నువ్వు బల్ల గుద్ది రాయించిన పదకొండు. నాకు కొత్త తెరంటే ఆశ లేదనుకున్నావా? రాత్రంతా చూసుకున్నాను ఈ కాగితం. నా హాలు నాకుంటే నువ్వుంటావు. సంతకం పెడితే ఇద్దరం ఉండం.”

కటేరెగ్గా పొయ్యి మంట తగ్గించాడు. లుటాయ టోపీ తీశాడు. ఒళ్ళో పెట్టుకుని, ధర చీటీ తెంపడానికి చూశాడు. తెగలేదు.

“ఈ టోపీ బస్సు స్టాండులో ఇచ్చాడక్కా. పెద్దాయన కాదు, కుర్రాడెవడో. వాడు నా భుజం మీద చెయ్యేసి...”

“తూటా దిగిన కటోండేని లేపావుగా? ఈ కాగితంలో నువ్వు చచ్చిపోయావు. లే, చూద్దాం.”

“ఎలాగక్కా?”

“కంపెనీ మనిషి రెండింటికి వస్తాడు. ఆటా రెండింటికే. వాణ్ణి ముందు బెంచీలో, మోకాలికి మోకాలు ఆనేలా కూర్చోబెడతాను. సినిమా మొదలయ్యేముందు నువ్వు మైకు తీసుకుని ఈ పదకొండు నూట ఇరవై మందికీ చెప్పు. ఉన్నది ఉన్నట్టు. మిగతా హాళ్ళ ముగ్గుర్నీ పిలిపిస్తున్నాను, వాళ్ళూ వింటారు. సంతకం సంగతి జనం ఎదురుగా తేలుస్తాను.”

లుటాయ కాగితం వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని, ఆమె చెప్పిన మాటల్నే పెదాలతో ఒకసారి తిప్పుకున్నాడు. తర్వాత పైకే అన్నాడు. ఆట జరుగుతున్నంతసేపు హాల్లో ఎవరూ, మైకులో గానీ మైకు లేకుండా గానీ, మాట్లాడకూడదు. అర్థం చెప్పేవాళ్ళని లోపలికి రానివ్వకూడదు. రానిస్తే హాలు ఖాళీ చెయ్యాలి. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. సెంతోంగో నోరు తెరుచుకుని వింటున్నాడు.

“బాగా చెప్పావు,” అంది నజ్జెంబ.

లుటాయ కళ్ళు తెరిచాడు. కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

“అక్కా, చివర్లో మొసలిని ఒక్కదాన్నే...”

“వద్దు,” అంది నజ్జెంబ.