పిన్ని కలిపిన పిండి

అబ్బబ్బ, మళ్ళీ అదే పాట! "చెయ్యి పోయిందే, నా చెయ్యి పోయిందే" అని ఇంకెన్నాళ్ళు పిన్నీ? ఆర్నెల్ల నుంచీ వినలేక చస్తున్నాను.

ఇదిగో, గుడ్లు నేనే తెచ్చాను. తెల్లసొన విడదీసి నురగొచ్చేలా గిలక్కొట్టాను. పిండి జల్లించాను. నువ్వు రెండూ కలిపితే చాలు. నీ వంటింట్లో నేను తప్ప ఎవరు చూస్తారు చెప్పు?

ఊఁ... అలా. గరిటె అడుక్కి దించి, కింది పిండి పైకి తెచ్చి, నురగ మీద మెల్లగా కప్పడం. గిన్నె కాస్త తిప్పడం. మళ్ళీ.

బేకరీలో చేరిన కొత్తలో ఇది చేతకాక నీ చేత ఎన్ని తిట్లు తిన్నాను! వెన్నా చక్కెరా అయితే తెల్లబడేదాకా రుద్దమనేదానివి. నురగ దగ్గరికొస్తే మాత్రం "గోడకి సున్నం కలుపుతున్నావుటే?" అని గరిటె లాక్కునేదానివి. గుర్తుందా?

ఆ పెద్ద ఆర్డరు రోజు... ఉండు, ఆపకు. కలుపుతూనే విను.

నువ్వు పిండి కలిపిపెట్టి, ఓవెన్ వేడెక్కిందో లేదో చూడ్డానికి వెళ్ళావు. గిన్నెలో అక్కడక్కడా కలవని నురగ తెల్లటి చారలుగా కనిపించింది నాకు. అయ్యో, పిన్నికి చూపు ఆనలేదు కాబోలు, మాట పడుతుందేమో అనుకున్నాను. గిన్నె తీసి పిండి గిలక్కొట్టే మిషన్ కింద పెట్టి తిప్పేశాను. అర నిమిషమే పిన్నీ! ఆ కాస్త చారలు ట్రేలో పోసేటప్పుడు వాటంతటవే కలిసిపోతాయని నాకేం తెలుసు?

నురగంతా చచ్చింది. పన్నెండు కేకులూ రొట్టెల్లా అణిగిపోయాయి. యజమాని అందరి ముందూ "పెద్దావిడ చెయ్యి పోయింది" అన్నాడు. నువ్వేమో నీ చేతుల వంక చూసుకున్నావు. నేను ట్రేలు కడుగుతున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను, తల ఎత్తలేక.

మర్నాటి నుంచి నువ్వు రాలేదు. నీ బల్ల నాకిచ్చారు. తీసుకున్నాను కూడా, సిగ్గులేనిదాన్ని!

ఏంటలా చూస్తావు? తిట్టు. పోనీ ఒక్కటి వెయ్యి. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు పిన్నీ. ఇంత చెప్తున్నా గరిటె ఒక్కసారైనా తడబడిందా?

ఏంటీ? యజమానికి చెప్పానా అనా?

లేదు పిన్నీ. ఇల్లు గడవాలిగా. నీకొక్కదానికే చెప్పాను. రేపు పొద్దున్న నీ బల్ల దగ్గర మళ్ళీ నేనే నిలబడతాను.