మెర్సీ గుడారం గోడలు

"అమ్మమ్మా, అక్క యర్ట్ గోడల సంగతి చెప్పవా? నేనప్పుడు మిచిగన్‌లో ఉన్నాగా. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా."

చేసుకో. మధ్యలో ఇంగ్లీషులో అడ్డం పడకు మరి.

మీ మెర్సీ అక్క ఫ్రీమాంట్‌లో అద్దెలు కట్టలేక ఊరవతల, ఎండాకాలం కార్చిచ్చు రేగే ఆ కొండ మీద నేల కొనుక్కుని గుండ్రటి గుడారం, అదే మీ యర్ట్, వేయించిందా. చెక్కల అల్లిక, దాని మీద గుడ్డ. అదేమో ముందే ఆయాసం మనిషి, నీకు తెల్సుగా. నేను తోడుగా ఉన్నాను. గోడ సందుల్లోంచి చలిగాలి కొడుతోందని మీ నాన్న సన్నీవేల్ నుంచి వచ్చి లోపలంతా ప్లాస్టిక్ షీట్ బిగించాడు. అల్లుడు గారూ, గోడకి చెమ్మ పడుతుంది అన్నాను. "మాన్యువల్లో అలాగే ఉందత్తయ్య గారూ. మీకు చదవడం రాదు కదా" అన్నాడు. మెత్తగానే అన్నాడనుకో. నేను మర్చిపోలేదు.

జనవరిలో... కాదు కాదు, క్రిస్మస్ ఆరాధన అయిన వారమే, షీట్ ఊడదీస్తే వెనక నీళ్లు. చెక్కకి నల్ల బూజు. అన్నం వండిన ఆవిరి, మా ఊపిరి, పోయే దారేది? మెర్సీకి పడుకుంటే పిల్లికూతలు. ఆ చెమ్మ పోకపోతే అక్కడ ఉండొద్దన్నాడు డాక్టరు. ఎక్కడికెళ్తుందే, ఉన్నదంతా ఆ నేలకే పెట్టింది.

అప్పుడు నేనో పని చేశాను, నవ్వకు. గోడలు అలకడంలో మా పేటలో నా తర్వాతే ఎవరైనా. మా మేనత్త అలికితే గీతలు పడేవి. బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కి, ఆ గుడ్డకి మెత్తాను. మట్టి చెమ్మ పీలుస్తుంది, నిప్పు అంటుకోదు. మా తాటాకిళ్లు తగలబడ్డప్పుడు మట్టి అటక ఉన్న ఇంట్లోనే గింజలు మిగిలాయి, కళ్లారా చూశాను. కానీ గుడ్డ ఊగుతుందే, మా ఊళ్లో మట్టి మెత్తే దడి ఊగదు. గాలొచ్చి పెచ్చులు పెచ్చులుగా ఊడి మెర్సీ దుప్పటి మీద పడింది. తలెత్తబుద్ధి కాలేదు నాకు.

మీ నాన్న వచ్చాడు. పార తెచ్చి ఎత్తిపోశాడు. తర్వాత నా పక్కన కూర్చుని, "గోడకేం కావాలో మీరు చెప్పండి, వస్తువు నేను వెతుకుతా" అన్నాడు.

చెమ్మ బయటికి పోవాలి, గాలి మనిషికి తగలకూడదు, నిప్పురవ్వ దూరకూడదు అన్నాను. గొర్రెబొచ్చు పరుపులు తెచ్చి గోడలకి లోపలంతా బిగించాడు, మంటకి తొందరగా అంటుకోవంట. వాటి మీద నూలు గుడ్డ, నేనే కుట్టాను, మీ నాన్నా అక్కా కుడితే కుట్టు వంకర. వండేటప్పుడు గుడారం నడినెత్తిన ఉన్న మూత తెరవాలన్నాను. నేల చెక్కల కింద చుట్టూతా సన్న ఇనప జల్లెడ బిగించాడు. గుడారం చుట్టూ గడ్డి గీకేసి కంకర పోశాం. అయినా మంటలొస్తున్నాయి ఖాళీ చేయమని ఫోన్ మోగితే అన్నీ వదిలేసి రావాల్సిందేనే అని చెప్పాను మెర్సీకి. ఎంత చేసినా గుడ్డ ఇల్లే కదా.

మళ్లీ వానలొచ్చాయి. ఓ మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే గోడకి చెయ్యి ఆనించాను. పొడిగా ఉంది. దాని వీపు మీద పెట్టాను. పిల్లికూత లేదు. అలాగే ఉంచేశాను చెయ్యి, అది లేచేదాకా.

నువ్వూ ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటున్నావుగా, దొరికేది చిన్నదైనా సరే తల్లీ, హాయిగా ఊపిరాడాలి అందులో. ప్రార్థనలో నీ పేరొచ్చినప్పుడల్లా అదే అడుగుతాను, ఇంకేమీ అడగను.