ఆంటీకి అక్క కావాలి

పుంగ్గోల్ హాకర్ సెంటర్‌లో, వరసగా తిండి స్టాళ్ళున్న చోట, సాయంత్రం వేళ. ఆ ఊరి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల ఆపుకున్నది కూతురు నిఖిల. ఎదురుగా కూర్చుని అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడుతున్నది తల్లి లలితకుమారి.

“ముందు తిను నిఖీ, దోశ చల్లారిపోతుంది.”

“మాట మార్చకమ్మా. రజిత నీకెందుకు మెసేజ్ చేసింది?”

“ఏ రజిత?”

“ఎంతమంది రజితలున్నారు నీకు? మా జడకుచ్చుల సంఘం రజిత. మా ప్రెసిడెంట్. నీ ఫోన్ బల్ల మీదే ఉంది, పేరు కనబడింది.”

“ఓ, ఆ రజితా. మంచి పిల్ల. చట్నీ సరిపోయిందా?”

“అమ్మా.”

“చెప్తానే. నేనూ మీ యూనివర్సిటీలోనే చదువుతున్నానా, నువ్వు పగలు, నేను సాయంత్రం. లైబ్రరీ ముందు కనబడింది. మాటా మాటా కలిసింది. మీ సంఘం గురించి చెప్పింది.”

“నీకు తెలియనట్టు.”

“నువ్వెప్పుడు చెప్పావే? శుక్రవారం వస్తే చాలు, హాస్టల్‌కి పరిగెడతావు. నవ్వుకుంటూ వస్తావు. ఏవిటే అంటే నథింగ్ అంటావు. మీ సంఘం అక్కడే కలుస్తుందని ఆ పిల్ల చెప్తేనే తెలిసింది. కొత్తగా చేరినమ్మాయికి ఒక అక్క ఉంటుందట కదా. ఆ అక్కే జడ వేసి కుచ్చులు కడుతుందట. కట్టిందంటే ఇక చెల్లెలేనట. అక్క ఏం చెప్తే అది వినాలట.”

“అవును. అయితే?”

“అయితే ఏముంది. ఈ ఏటికి చేరికలు ఇవాళే ఆఖరని మెసేజ్ పెట్టింది.”

“అయితే?”

“చేరదామని.”

“ఎవరు?”

“నేనే.”

“నో. నో నో నో. క్యానాట్ లా, అమ్మా.”

“అరవకే, పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు.”

“చూడనీ. నీకు నలభై అయిదేళ్ళు.”

“నలభై నాలుగు. స్టూడెంట్ అయితే చాలట, వయసుతో పని లేదట.”

“పెద్దవాళ్ళకి కాదని రజిత చెప్పలేకపోయింది, అంతే. అయినా నీది ఫైనల్ ఇయర్. ఇంకో టర్మ్‌తో డిగ్రీ అయిపోతుంది. ఎవరైనా చివర్లో వచ్చి చేరతారా?”

“టర్మంటే తక్కువా?”

“ఎందుకమ్మా ఇప్పుడివన్నీ?”

“నవ్వనంటే చెప్తాను.”

“నవ్వను. చెప్పు.”

“కాకినాడలో డిగ్రీ మధ్యలో ఉండగా నాకు హాస్టల్లో సీటొచ్చింది. పెట్టె కూడా సర్దుకున్నాను. ఈలోగా పెళ్ళి కుదిరింది. ఆ పెట్టెతోనే మీ డాడీ వెంట ఇక్కడికొచ్చేశాను. హాస్టల్లో ఆడపిల్లలందరూ కలిసి ఏం చేస్తారో నాకిప్పటికీ తెలీదు. ఇప్పుడు సాయంత్రం క్లాసులకి వెళ్తే అక్కడంతా ఉద్యోగస్తులు. క్లాసవగానే ఎవరి ట్రైను వాళ్ళది. నాకూ ఒక గుంపు ఉంటే బాగుండుననిపించింది. చాలా అనిపించింది నిఖీ.”

“నువ్విలా చెప్తే నేనేం మాట్లాడాలి?”

“ఏం మాట్లాడక్కర్లేదు. చేరడం కుదరాలంటే అక్క ఉండాలి కదా. నాకు లేదు.”

“అంతమందిలో ఒక్కరు కూడానా?”

“మొన్న రజిత వాళ్ళందరికీ పరిచయం చేసింది. నన్ను చూడగానే ఆంటీ ఆంటీ అంటూ లేచి నిలబడ్డారే. ఒక పిల్లయితే కాళ్ళకి దండం పెట్టేసింది. దీవించాను, ఏం చేస్తాను.”

“మై గాడ్.”

“ఆంటీని చెల్లీ అని ఎలా పిలుస్తాం, ఆంటీకి పనులెలా చెప్తాం అని ఒకటే గుసగుసలు. వాళ్ళ తప్పు కాదులే. ఈ ఊళ్ళో పుట్టిన దగ్గర్నుంచీ కనబడిన ప్రతి పెద్దావిడా ఆంటీయే. మొత్తం సంఘంలో నన్ను ఆంటీ అననిది ఒక్కర్తే ఉంది.”

“ఎవరు?”

“దోశ తిను.”

“ఎవరమ్మా? ఆగాగు. నేనా?”

“నువ్వెప్పుడైనా అన్నావా ఆంటీ అని?”

“అమ్మా, ప్లీజ్. నీకర్థం కావట్లేదు. ఆ హాస్టల్ ఒక్కటే నేను నీ కూతుర్ని కాని చోటు. ఇంట్లో నీ కూతుర్ని, గుళ్ళో నీ కూతుర్ని, లిఫ్ట్‌లో కూడా లలితగారమ్మాయిని. అక్కడ ఒక్కచోటే నేను నిఖిలని. అది కూడా కావాలా నీకు?”

“అందుకే అడుగుతున్నాను. నువ్వు అక్కవైతే అక్కడ నా కూతురివి కావు కదా. నేను నీ అమ్మనీ కాను.”

“అది లాజిక్ కాదు.”

“మీ రూలే కదే.”

“అంటే అక్కడికొచ్చి ఇంటికెప్పుడొస్తావు అని అడగవా?”

“అక్కని అలా అడుగుతారా ఎవరైనా?”

“నా ఫ్రెండ్స్‌ని చిక్కిపోయారు, చిక్కిపోయారు అనవా?”

“అనను.”

“నా చిన్నప్పటి కథలు చెప్పవా? ముఖ్యంగా జూలో కోతి నా చెప్పు ఎత్తుకుపోయిన కథ?”

“చెప్పను. అంటే, ఇకమీదట చెప్పను.”

“చెప్పేశావా?”

“రజితకొక్కదానికే. భలే నవ్విందే పిల్ల.”

“నువ్వు కూడా నవ్వుతున్నావు. అమ్మా, ఆపు. నాకూ నవ్వొస్తోంది. ఇది సీరియస్ డిస్కషన్.”

“సీరియస్సేనే. అవుతావా, అవవా?”

“నాకు సరిగ్గా జడ వేయడం రాదు. నా జడ నువ్వే కదా వేసేదానివి.”

“మూడు పాయలు. మార్చి మార్చి వేయడమే. ఇదిగో దువ్వెన, ఇవిగో కుచ్చులు.”

“బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నావా?”

“లిటిల్ ఇండియాలో కొన్నాను. ఎర్రవి బాగున్నాయి కదూ.”

“సరే. అటు తిరుగు. ఇక్కడే రిహార్సల్ చేస్తాను. అక్కడ వంకర జడ వేస్తే నా పరువు పోతుంది.”

“ఇక్కడా? కాఫీ స్టాల్ అంకుల్ చూస్తున్నాడే.”

“చూడనీ. చెల్లీ, తల కదపకు.”

“ఏమన్నావు?”

“తల కదపకు అన్నాను.”

“దానికి ముందు.”

“మళ్ళీ అనను. ఏడుస్తున్నావా నువ్వు?”

“జుట్టు లాగేస్తున్నావు.”

“ఇంకా ముట్టుకోనే లేదు. ఉండు, రజితకి మెసేజ్ పెడతాను. పాపం, నీకు అక్కెవరూ దొరకలేదని టెన్షన్ పడుతూ ఉంటుంది.”

“పెట్టకు.”

“ఏం?”

“ముందు జడ పూర్తి చెయ్యి.”

“ఎందుకు పెట్టకూడదు? అక్క అడుగుతోంది. అక్క అడిగితే చెప్పి తీరాలి.”

“నాకు అక్కగా ఉంటానని రజిత మొన్ననే ఒప్పుకుంది అక్కా. తరవాత ఇంకొందరు నేనంటే నేనని పోటీ పడ్డారు. నాకు నువ్వే కావాలని వాళ్ళందరికీ వద్దని చెప్పొచ్చాను.”