మూడు డైమన్ల మీద డబుల్

"అమ్మమ్మా, అవతలోళ్ళు మొదట్లోనే మూడు డైమన్లు అనీశారు. నేనిప్పుడు ఏటి సెయ్యాలి? ఫోన్‌లో టైము అయిపోతంది."

ఏదీ, ఇటు సూపించు. కళ్ళజోడెక్కడ... ఇదిగో, నెత్తి మీదే ఉన్నాది. ఊఁ. నీ సేతిలో డైమన్ ముక్క ఒక్కటే. మిగతా మూడు రంగులూ ఉన్నాయి. ఓలమ్మో. అసుమంటి ముక్కలున్న సెయ్యే నాకూ వచ్చినాది సిన్నీ, ఒకసారి. అయిపోనాదా టైము? పోన్లే, ఫోన్‌లో పేకాటే కదా. అది పక్కనెట్టు, సెప్తాను. కూకోమనకు, కూకోలేను. ఈ సంగతి గుర్తొస్తే నాకు కాళ్ళు నిలవ్వు. అటూ ఇటూ తిరుగుతా సెప్తాను.

మీ తాతకి అక్క, సుగుణ వదిన. సిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో కూకుని పేకల్లో రాజు బొమ్మలు ఏరీదానివి నువ్వు. నెల్లిమర్ల బళ్ళో లెక్కలు సెప్పీది. నేనేమో టెలిఫోన్ ఎక్సేంజీలో పని. బ్రిడ్జి నాకు నేర్పింది ఆవిడే. మా మావ, అంటే ఆవిడ నాన్న, సర్చి పెద్ద. ఇంట్లో పేక ముక్క కనబడితే పొయ్యిలో పెట్టీవోడు. మేవేమో బియ్యం డబ్బాలో అడుగున దాసీవోళ్ళం. అప్పట్లో మంచి పేకలంటే కిలో పంచదార రేటు... కాదు, ఇంకా ఎక్కువే. సరే, అది వొగ్గీ.

పెద్దయ్యాక, ఇద్దరికీ రిటైరయ్యాక, ఆదివారం మద్దినేళ విజయనగరం ఎల్లీవోళ్ళం, క్లబ్బుకి. అందరూ మగోళ్ళే. మేవిద్దరం ఆడోళ్ళం. ముందు నవ్వీవోళ్ళు, తరవాత నవ్వడం మానీశారు. వదిన ఆట అలగుండీది మరి.

ఆటలో మన జతకి నోటితో ఏటీ సెప్పకూడదు కదా, ఏ రంగు మీద, ఆరు పట్ల పైన ఇంకెన్ని సేస్తామో వేలంలో అనే మాటే మన బాస. వన్ అని మొదలెడితే నిదానంగా ఒకళ్ళకొకళ్ళం సెప్పుకోవచ్చు. అందుకే అవతలోళ్ళు, ఒకే రంగు ఏడు ముక్కలొచ్చీసి, సేతిలో బొమ్మలు లేకపోనా, గబుక్కున మూడు అనీస్తారు. మనం మాటాడుకోడానికి సోటు లేకుండా సేసీడం అన్నమాట. నీకిప్పుడు సేసింది అదే.

దాని మీద డబుల్ అంటే, మా కాలంలో 'ఒగ్గీ, వీళ్ళని ఇక్కడే కొట్టీద్దాం' అని. తరవాత తరవాత అందరూ మార్చీసుకున్నారు. 'నా దగ్గర మిగతా రంగులున్నాయి, నీ రంగు నువ్వు సెప్పు' అని. వదినే అన్నాది, మనవూ అలగే ఆడదావని. క్లబ్బు టోర్నమెంటుకి వారం ముందు.

ఇక్కడే ఉన్నాది సిక్కు. అప్పటికే ఆవిడకి మతిమరుపు మొదలైపోనాది. పాలు స్టవ్వు మీద పెట్టి సర్చికి ఎల్లిపోనాది ఒకసారి. నన్ను సూసి మా సెల్లి పేరెట్టి పిలిసీది. టోర్నమెంటు రోజు బస్సులో నా పేరు సరిగ్గానే పిలిసినాది గానీ, మూడుసార్లు అడిగినాది, "కరుణా, టికెట్లు తీశావా?" అని.  మెల్లిగా అడిగాను.

"వదినా, మూడు మీద డబుల్ అంటే మనకేటి?"

ఎంత కోపం వచ్చీసినాదో! "నాకు పరీచ్చ పెడతన్నావేటే? నీకు పేక పట్టుకోడం నేర్పింది ఎవులు?" అన్నాది. కిటికీ కేసి తిరిగిపోనాది. జవాబు మాత్రం సెప్పలేదు.

సాయంత్రానికి మేవూ ఇంకో జతా సమానంగా ఉన్నాం. ఆఖరాట. నా కుడిపక్క ఒక ప్లీడరు గారు. ముక్కలు సర్దుకోడం కూడా అవలేదు నాకు, ఆయన మూడు డైమన్లు అనీశాడు. నా సేతిలో ఇస్పేట్లు నాలుగు, ఆఠీన్లు ఐదు, అవీ అంత గట్టివి కావు, కళావర్లు మూడు, డైమన్ ఒక్కటి. డబుల్ అనాలి. ఇంకో మాట లేదు. సంటిదాన్ని లేపి అడిగినా డబులే అంటాది.

కానీ ఆవిడ మర్చిపోతే? పాత లెక్కలో కొట్టడానికే అనుకుని పాస్ అనీస్తే ప్లీడరు గారి మూడు డైమన్లూ డబుల్ మీద, రెట్టింపు మార్కులకి, అయిపోతాయి. మేం పోయినట్టే. పోనీ నేనే పాస్ అందామా? ఇంత సెయ్యెట్టుకుని?  ముక్కలు అటు సర్దుతాను, ఇటు సర్దుతాను. జత మొకం సూడకూడదు, తప్పు. సూశాను. ఆవిడ ముక్కలు గుండెకి ఆన్చుకుని నా కేసే సూస్తన్నాది.

"మూడు ఆఠీన్లు" అనీశాను.

వదిన పాస్ అన్నాది. ఆడాల్సింది నేను కాబట్టి, రూలు ప్రకారం తన ముక్కలు కింద పరిసినాది. ఆఠీను ఒక్కటి! ఇస్పేట్లు ఐదు, ఆసూ రాణీతోటి. ఆ రంగు మీదైతే నాలుగు ఆడీవోళ్ళం, నవ్వుతా సేసీవోళ్ళం. నేను ఆఠీన్లలో రెండు పట్లు తక్కువైపోయాను. కప్పు ఆళ్ళకెల్లిపోనాది.

 క్లబ్బు మెట్లు దిగుతా ఆవిడ అడిగినాది.

"డబుల్ ఎందుకన్లేదే?"

"ఆఠీన్లు ఎక్కువున్నాయి కదా వదినా."

"అబద్దం. నా బుర్ర మీద నీకు నమ్మకం లేదు." ఆగినాది. "రోజూ పొద్దున్న లేచి సదువుకుంటన్నానే. కేలెండర్ వెనకాల రాసుకున్నాను. మూడు మీద డబుల్, రంగు సెప్పాలి. ఈయేళ కూడా సదివే వచ్చాను."

  బస్సులో ఆవిడ సెయ్యి పట్టుకుందావని ఎన్నిసార్లు అనుకున్నానో. పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో ఇప్పటికీ తెల్దు.

మళ్ళీ క్లబ్బుకి రాలేదావిడ. ఇంట్లోనే ఆడీవోళ్ళం, మీ తాతా, పక్కింటి మేస్టారూ అవతలపక్క. ఆళ్ళు మూడు అంటే సాలు, నేను డబుల్ అనీసీదాన్ని, సెయ్యున్నా లేకపోనా. మొదట్లో రంగు సెప్పీది. పోను పోను మర్చిపోనాది. ఒకసారి మీ తాత మూడు కళావర్లు అన్నాడు, నేను డబుల్ అన్నాను, ఆవిడ పాస్. ఆయన ఇంకో పట్టు ఎక్కువే సేసీశాడు. వదిన సప్పట్లు కొడతన్నాది.

"కొట్టీశాం కదే కరుణా!"

"కొట్టీశాం వదినా" అన్నాను. మీ తాత నోరు తెరిసీలోపు నేను ముక్కలు కలిపీశాను.

ఆ తరవాతేడే ఎల్లిపోనాది.

కేలెండరు సూశాన్లే, ఆవిడ గది సర్దినప్పుడు. ఒక్కసారి కాదు సిన్నీ, పేజీ పేజీ వెనకా రాసుకున్నాది. రాను రాను అచ్చరాలు వంకరైపోనాయి...

నువ్వెందుకే ఏడుస్తావు, పిచ్చి గుంటా. నేను ఏడవట్లేదు కదా. ఇటు రా. నీకూ అలాటి మనిషి దొరకాలి, ఎదురుగా కూకుని నీ మాట కోసం సూసేది. దేవుడు నిన్ను సల్లగా సూడాల. ఆ రోజు డబుల్ అనుంటే ఆవిడ మూడు ఇస్పేట్లు అనీది. అనీదే. నేను నాలుగు అనీదాన్ని, ఆవిడ నవ్వీది... ఏటో...