ప్రేయర్ లైన్‌లో జనరల్ పేరు

హలో… ఆ, లూసీనే అక్కా. చెప్పండి.

…

లేదు లేదు, పడుకోలేదు. ప్రేయర్ అయ్యాక మళ్ళీ నిద్రేం పడుతుంది… వంటింట్లో కూర్చున్నా. టీ పెట్టుకున్నా గానీ, అదీ చల్లారిపోయింది.

అక్కా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోరుగా? పొద్దున అందరం ఫోన్‌లో కలిసే ప్రేయర్ లైన్‌లో నేను ప్రార్థన చేస్తుంటే మధ్యలో నన్ను మ్యూట్ చేశారా?

…

సిగ్నలా? ఫ్రిస్కోలో మా ఇంటికి సిగ్నల్‌కేం కరువక్కా! 'హోస్ట్ మిమ్మల్ని మ్యూట్ చేశారు' అని ఆ మెషీన్ అమ్మాయి నా చెవిలో చెప్పింది. పాపం, ఎంత మర్యాదగా చెప్పిందో.

…

అదీ. అలా నిజం చెప్పండి.

…

ఇప్పుడు తెలుసులెండి. మీరు మ్యూట్ చేశాక లైన్‌లో ఉన్న ఆ చిన్నపిల్ల ఇషా మెసేజ్ పెట్టింది. 'ఆంటీ, జనరల్ హార్లన్‌ని నిన్న రాత్రే తీసేశారు, మీకు తెలీదా' అని. ప్రెసిడెంట్ గారే టీవీలో చెప్పారటగా. యుద్ధం ఇంత ముదిరాక, సైన్యం మొత్తానికి పెద్దాయన్ని, రాత్రికి రాత్రి… ఇంట్లో పనిమనిషిని మాన్పించినట్టు!

…

నాకెలా తెలుస్తుందక్కా? టీవీ పెట్టనుగా నేను. మా షెరిన్ యుద్ధానికి వెళ్ళేటప్పుడు నా చేత ఒట్టేయించుకుంది. 'అమ్మా, న్యూస్ చూడొద్దు. నువ్వు ఏడుస్తావు. ప్రామిస్ చెయ్యి.' దాని తెలుగు మీకు తెలుసుగా. ఒట్టు తప్పలేదు నేను. అంతే నేను చేసిన పాపం.

కానీ లైన్‌లో మీకందరికీ తెలుసు! ఒక్కరన్నా నోరు విప్పొద్దా? ఆయన పేరు పెట్టి, 'ప్రభువా, ఈ సైన్యాన్ని నడిపించే నీ దాసుడికి జ్ఞానం ఇవ్వు' అని నేను కళ్ళు మూసుకుని అడుగుతున్నా. మీరేమో అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. పిచ్చిదాన్ని చేశారక్కా నన్ను.

…

ఎవరు? మన చర్చి షాలేం రాజు గారా? ఆయనకేంటట ఇబ్బంది?

…

రికార్డింగా?

…

ఓహో. అంటే మన ప్రేయర్ లైన్ రికార్డింగ్ వాట్సాప్‌లో పెడతారు కాబట్టి… ప్రెసిడెంట్ తీసేసిన మనిషి కోసం ప్రార్థన చేశామని ఎవరైనా విని… గ్రీన్ కార్డులు ఆపేస్తారనా! అక్కా, నవ్వాలా ఏడవాలా నాకు తెలీట్లేదు. వైట్ హౌస్‌లో కూర్చుని మన తెలుగు ప్రార్థన వింటారా వాళ్ళు? మన చర్చిలోనే సగం మంది వినరు!

…

నవ్వకండి, నాకు కోపంగా ఉంది.

…

లేదక్కా, భయాలు నాకు తెలియకేం. మేమూ ఆ క్యూలో నిలబడ్డవాళ్ళమేగా. మావారు పోయేదాకా ఆ కార్డు కోసమే ఎదురుచూశారు. కానీ వాళ్ళ భయం కార్డు గురించి. నా భయం నా పిల్ల గురించి. అది అక్కడ ట్రక్కుల కాన్వాయ్‌లో తిరుగుతోంది. దీన్నీ దాన్నీ ఒకే తక్కెడలో పెట్టమంటే ఎలా?

…

రేపటి నుంచా? కొత్తాయన పేరు చెప్పాలా?

…

నా వల్ల కాదు. ఏమైనా అనుకోండి.

…

అది కాదక్కా… ఆ హార్లన్ గారిని నేను చూశాను. మీకు చెప్పలేదా? పిల్లల్ని పంపిస్తున్న రోజు బేస్ దగ్గర పెద్ద గ్రౌండ్. మండిపోయే ఎండ. అందరూ జెండాలు పట్టుకుని, బుడగలు పట్టుకుని… నేనొక్కదాన్నే బెల్లం గవ్వల డబ్బా పట్టుకుని నిలబడ్డా. షెరిన్‌కి తల తీసేసినట్టయింది, 'అమ్మా, లోపల పెట్టు' అని గొణుగుతోంది. ఆయనేమో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి కలుపుతున్నారు. నా ముందుకొచ్చి డబ్బాలో ఏముందని అడిగారు.

నేనేం చెప్తాను… మూత తీసి పట్టుకున్నా. ఒకటి నోట్లో వేసుకున్నారు. ఇంకోటి జేబులో వేసుకున్నారు! అంతటి మనిషి!

…

ఆ. అప్పుడన్నారు, 'మీదెవరు?' అని. షెరిన్‌ని చూపించా. 'నాదీ ఒకటి వెళ్తోంది, నా చిన్నమ్మాయి' అన్నారు. అంతే. ముందుకెళ్ళిపోయారు.

అప్పటి నుంచి నాకు కాస్త నిద్రపట్టేదక్కా. ఎందుకంటారా? తన బిడ్డని కూడా పంపినవాడు ఊరికే ఎవర్నీ మంట్లోకి తోయడు అని. వెర్రి నమ్మకమే అనుకోండి. ఈ ఇంట్లో నాకింకేముంది పట్టుకోడానికి?

…

ఊఁ.

…

థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి పంపిస్తామని ఆర్డర్ ఇచ్చింది ఆయనే. దాని యూనిట్ మొత్తాన్ని. నేను ఆఫీస్‌లో సెలవు కూడా పెట్టేశా. గోంగూర మటన్ వండి ఫ్రీజర్‌లో పెట్టా, దాని గదిలో దుప్పట్లు మార్చా. రోజూ వెళ్ళి ఆ మంచం మీద కూర్చుని, మళ్ళీ సర్ది వస్తున్నా.

అక్కా… ఆ కొత్తాయన ఏమన్నాడు? మీరు టీవీ చూస్తారుగా. చెప్పండి.

…

దాచకండి. మీవారు ఆమోసు అన్నయ్య పక్కన ఏదో అంటున్నారు, నాకు వినబడుతోంది. ఏమంటున్నారు?

…

'పని పూర్తయ్యేదాకా ఎవరూ ఇంటికి రారు.' అలాగే అన్నాడా? ఎవరూ అనా?

…

ఊఁ.

…

లేదు, ఉన్నా. లైన్‌లోనే ఉన్నా.

…

ఏడవట్లేదు. ముక్కు కారుతోంది, అంతే.

అక్కా… ఇంకొకటుంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున నేను ప్రార్థన చేస్తున్నప్పుడు చెవిలో టుక్ టుక్‌మంది. ఇంకో కాల్. చూస్తే నంబర్ లేదు. అక్కడి నుంచి ఫోన్ చేస్తే అలాగే వస్తుంది… షెరినే.

…

ఎత్తలేదక్కా! దేవుడి ముందు నిలబడి, ఆయనతో మాట్లాడుతూ మధ్యలో 'ఒక్క నిమిషం ఉండు' అంటామా? తప్పు కదా అనుకున్నా. ఆమెన్ అన్నాక చేస్తుందిలే అనుకున్నా. హార్లన్ గారి పేరు చెప్తున్నా అప్పుడే. అక్కడ మీరు నన్ను మ్యూట్ చేశారు, ఇక్కడ అది ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి మోగలేదు.

…

తిరిగి చేద్దామంటే నంబరేది? ఏదైనా పెద్ద మార్పొస్తే అక్కడ ఫోన్లన్నీ కట్ చేసేస్తారట, ఎన్నాళ్ళో తెలీదట. కట్ చేసేముందు ఒక్కసారి అమ్మతో మాట్లాడదామని చేసిందేమో. నేనేమో ప్రార్థనలో ఉన్నా. ఉద్యోగం పోయినాయన కోసం!

…

చెడ్డ కబురైతే ఫోన్ చెయ్యరక్కా. ఇద్దరు యూనిఫాంలో వచ్చి బెల్లు కొడతారు. అందుకే డెలివరీ అబ్బాయి బెల్లు కొట్టినా నా పై ప్రాణాలు పైనే పోతాయి. బెల్లు కొట్టొద్దని తలుపు మీద కాగితం కూడా అంటించా.

…

అవును, లైన్ ఖాళీగా ఉంచాలి. నిజమే. పెట్టేస్తాను…

…

అక్కా! పెట్టేయకండి. ఇంకాసేపు. కాల్ వస్తే తెలుస్తుందిలే, టుక్ టుక్‌మంటుంది. ఈ ఇల్లు చూస్తే భయమేస్తోంది. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. వీధిలోకి చూద్దామా అంటే అన్నీ మూసేసిన గరాజ్‌లే. మనిషి మొహం కనబడదు.

…

మీరు అంత దూరం అల్ఫారెట్టా నుంచి ఎలా వస్తారక్కా, వద్దు. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని. ఆ మాటన్నారు, చాలు.

…

ఏంటో ఇందాకట్నుంచి ఆ హార్లన్ గారే గుర్తొస్తున్నారు. నిన్నటిదాకా అందరి పిల్లలూ ఆయన చేతిలో ఉన్నారు. ఇవాళ ఆయన పిల్ల కూడా వేరేవాడి చేతిలోకి పోయింది. ఆయన కూడా ఏ వంటింట్లోనో కూర్చుని ఫోన్ వైపు చూస్తుంటారేమో, నాలాగే. మనమందరం కొత్త పేరుకి మారిపోతే ఆయన కోసం ఎవరు అడుగుతారక్కా?

…

సరే. సరే… మీరన్నదీ నిజమే. నా పిల్ల ఇప్పుడు ఆ కొత్తాయన చేతిలోనే ఉంది. నాకు నచ్చినా నచ్చకపోయినా.

ఏం పేరన్నారు?

…

డ్రేటన్. నోరు తిరగట్లేదు. డ్రేటన్.

మీరు వద్దు, నేనే చేస్తా. ఇది రికార్డవ్వదుగా? రాజు గారికి చెప్పండి, నిశ్చింతగా ఉండమని.

…

కళ్ళు మూసుకోండి. అన్నయ్యని కూడా మూసుకోమనండి.

ప్రభువా… నీ సన్నిధికి వచ్చాం. ముందు ఆ హార్లన్ గారి కోసం అడుగుతున్నా తండ్రీ. ఆయన్ని అందరూ వదిలేశారు. నువ్వు వదలొద్దు. ఆయన చిన్నమ్మాయిని క్షేమంగా ఆయనకి చూపించు. మా షెరిన్‌ని నాకు చూపించు.

ఇప్పుడు ఈ కొత్తాయన… ఈ డ్రేటన్ అనే ఆయన… తండ్రీ, నాకు ఆయన మీద మంచి మనసు లేదు, నీకు తెలుసు. నీ దగ్గర అబద్ధమాడను. ఆయన మాట వింటేనే కడుపు రగిలిపోయింది. అయినా అడుగుతున్నా. ఆయన మనసు మెత్తబరచు. మ్యాప్ మీద వేలు పెట్టి 'ఇక్కడికి వెళ్ళండి' అన్నప్పుడల్లా, ఆ వేలి కింద ఒక అమ్మ కన్న పిల్ల ఉందని ఆయనకి—

అక్కా!

అక్కా, టుక్ టుక్… వచ్చింది, వచ్చింది! నంబర్ లేదు!

ప్రార్థన మధ్యలో… దేవుడు ఆగుతాడు అక్కా, ఆయన ఎక్కడికీ పోడు. ఆమెన్ మీరు చెప్పేయండి, నేను—