చీనీతోట గుంట

గాలి మళ్లడంతో చిలమత్తూరు పక్క కొండమీద అడవి మంట ఇద్దరు కాపలాదారులను చుట్టుముట్టింది. మంటలార్పే హెలికాప్టర్ల బాధ్యత చూసే అధికారిణి, దగ్గర్లో నీళ్లున్న ఒకే ఒక్క గుంట గట్టున, బత్తాయి తోట రైతు ఎదుట వాకీటాకీతో నిలబడింది.

“అన్నా, హెలికాప్టర్ బకెట్ నీ గుంటలో ముంచాల.”

“ఎన్ని బకెట్లు మేడమ్?”

తక్కువ చేసి చెబుదామనిపించింది ఆమెకు. నోరు రాలేదు.

“అడుగు కనపడేదాకా.”

“నా చీనీచెట్లు ఎండిపోతాయి. పదేండ్లు సాకినా. చెరువు కాడికి పొమ్మనండి.”

“ఆడికి పోయొచ్చేలోపల ఆ ఇద్దరూ మిగలరు. నీ చెట్లకు ఏమిస్తారో నేను చెప్పలేనన్నా.”

“నేను వద్దంటే?”

“అయినా దింపుతా. తర్వాత నామీద కేసు పెట్టుకో.”

రైతు కొండమీది పొగ వైపు చూశాడు. హెలికాప్టర్ మోత దగ్గరైంది.

“దింపొద్దు!” అని ఉన్నట్టుండి అరిచాడు.

“అన్నా, టైం లేదు...”

“అది కాదమ్మా! చేపలకు కొంగలు రాకుండా గుంటకు అడ్డం తాళ్లు కట్టినా. బకెట్ తగులుకుంటాది. రవ్వంతసేపు పైనే ఉండమను.”

ఆమె వాకీటాకీలో పైలట్‌ను ఆగమంది. రైతు అప్పటికే కొడవలితో నడుంలోతు నీళ్లలో ఉన్నాడు.